అమెరికాలో కాలనీ రోడ్ల మీద స్టాప్ సైన్ దగ్గర నిజంగా అందరూ కారు ఆపుతారా?
చాలామంది పూర్తిగా ఆపరు, స్లో చేసి అలా దొర్లించుకుంటూ పోతారు, దీన్నే రోలింగ్ స్టాప్ అంటారు, రూల్ ప్రకారం మాత్రం చక్రం కదలకుండా ఆగాల్సిందే. రోజూ వెళ్లే దారి, రోడ్డు ఖాళీ, అడిగేవాడు లేడు, అలా అలవాటైపోతుంది. కానీ కన్ను కార్ల కోసమే వెతుకుతుంది, ముందు అద్దం పక్క పిల్లర్ చాటున నడిచొచ్చే పిల్లాడు కనపడడు.

ఈ అలవాటుని టెస్లా తన సెల్ఫ్ డ్రైవింగ్ బీటా సాఫ్ట్‌వేర్‌లో కూడా పెట్టేసింది (కారుకీ మన బుద్ధే!), 2022లో రీకాల్ చేసి దాదాపు 54 వేల కార్లలో ఆ ఫీచర్ తీసేయాల్సొచ్చింది.

మూడు సెకన్లు ఆగాలి అనేది అపోహ, కాలిఫోర్నియా చట్టంలో సెకన్ల లెక్కే లేదు, రోడ్డు మీద ఆగే గీత ఉంటే దానికి ముందే పూర్తిగా ఆగాలి, గీత దాటాక ఎంతసేపు ఆగినా టికెట్ (జరిమానా చీటీ) పడొచ్చు.