ఆగస్టులో ఐదేళ్లు నిండే పాప: తిరుపతిలో ఒకటో తరగతా, డాలస్‌లో కిండర్‌గార్టెనా?

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక చెల్లెలు అడిగారు. భర్త డాలస్ దగ్గర ఉద్యోగంలో చేరారు, తనకూ పాపకూ హెచ్4 (ఉద్యోగి భార్యాపిల్లలకు ఇచ్చే) వీసాలు వచ్చాయి. పాపకు ఈ ఆగస్టు 20కి ఐదేళ్లు నిండుతాయి. యూకేజీ అయిపోయింది. "జూన్‌లో ఒకటో తరగతిలో చేర్చి, ఆ ఏడాది ఇక్కడే చదివించి తీసుకెళ్తే అక్కడ రెండో తరగతిలో వేస్తారని మా మామగారు అంటున్నారు. అక్కడున్న స్నేహితులేమో ఆగస్టు పిల్లల్ని ఒక ఏడాది ఆపి చేర్చడమే మంచిదంటున్నారు. నాకేమీ పాలుపోవడం లేదు" అని రాశారు.

చెల్లెమ్మా, ముందు మామగారి మాట తీసుకుందాం. అమెరికా ప్రభుత్వ స్కూళ్లలో చిన్న తరగతులకు చూసేది వయసు. టెక్సస్‌లో సెప్టెంబర్ 1 నాటికి ఐదు నిండితే కిండర్‌గార్టెన్, ఆరు నిండితే ఒకటో తరగతి. మీ పాప ఈ ఆగస్టుకల్లా ఇక్కడికి, డాలస్‌కు, వస్తే కిండర్‌గార్టెన్‌లో చేరి, వచ్చే ఏడాది ఒకటో తరగతికి వెళ్తుంది. తిరుపతిలో ఒకటో తరగతి చదివి వచ్చినా వచ్చే ఏడాది ఇక్కడ చేర్చేది మామూలుగా ఒకటో తరగతిలోనే. రెండు దారులూ ఒక్క చోటికే వస్తున్నప్పుడు, ఏడాది పాటు నాన్నకు దూరంగా ఉంచి, తోటి పిల్లలు ఇంగ్లీషులో ఆడుకుంటూ పాఠాలు నేర్చుకునే మొదటి సంవత్సరాన్ని వదులుకోవడం ఎందుకు?

మన ఊళ్లో మూడేళ్లకే ఎల్‌కేజీ, ఐదు నిండీ నిండకముందే ఒకటో తరగతి అలవాటైపోయింది. నిజానికి 2020 జాతీయ విద్యా విధానం కూడా ఒకటో తరగతికి ఆరేళ్లే చెప్పింది. 2023 ఫిబ్రవరిలో కేంద్ర విద్యాశాఖ అదే వయసు పాటించమని రాష్ట్రాలకు రాసింది. కాబట్టి ఆరేళ్లకు ఒకటో తరగతి అంటే పాప వెనకబడిందని మామగారు బాధపడనక్కర్లేదు.

ఇక స్నేహితుల మాట. అందులో నిజం ఉంది, కొట్టిపారేయలేం. ఆగస్టు 20న పుట్టిన పాప తరగతిలో దాదాపు అందరికంటే చిన్నది. పక్క బెంచీలో సెప్టెంబర్ పాప దాదాపు ఏడాది పెద్దది. ఐదేళ్ల వయసులో ఏడాది తేడా చాలా పెద్దది. సెప్టెంబర్ 1 గడువు ఉన్న రాష్ట్రాల పిల్లల మీద 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. సెప్టెంబర్‌లో పుట్టినవాళ్ల కంటే ఆగస్టులో పుట్టినవాళ్లకు ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత లేని సమస్య) అని నిర్ధారించడం 34 శాతం ఎక్కువగా ఉందట. అంటే చిన్న వయసు చిలిపితనాన్ని జబ్బుగా పొరబడే ప్రమాదం ఉందన్నమాట. రేపు టీచర్ "మీ అమ్మాయి కుదురుగా కూర్చోవడం లేదు" అంటే కంగారు పడకండి, పుట్టినరోజు గుర్తుచేయండి.

అయినా మీ పాపను ఆపవద్దనే నా సలహా. ఇక్కడ పిల్లల్ని ఆపేవాళ్లలో చాలామంది ఆ ఏడాది డబ్బు కట్టి మంచి ప్రీస్కూల్‌కు పంపుతారు. ఒక్క జీతం మీద బతికే కొత్త కుటుంబానికి ఆ ఫీజు ఇంటి అద్దెతో పోటీ పడుతుంది. ఇక మిగిలేది అపార్ట్‌మెంట్‌లో నాలుగు గోడలు, టీవీ, అమ్మ. తిరుపతిలో వీధి నిండా పిల్లలు, అవ్వాతాతలు, పక్కింటివాళ్లు ఉన్న పాపకు ఆ ఒంటరితనం మంచిది కాదు. ఆపాలా వద్దా అని అడిగేముందు ఆ ఏడాది పాప ఎవరి మధ్య గడుపుతుందో చూడండి. ప్రభుత్వ కిండర్‌గార్టెన్‌కు ఫీజు లేదు. వీసా ఏదని బడిలో చేర్చుకోకుండా ఉండరు, ఆ హక్కు 1982లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతోనే స్థిరపడింది. పైగా టెక్సస్‌లో 2021లో వచ్చిన చట్టం ప్రకారం, అవసరమనిపిస్తే కిండర్‌గార్టెన్ మళ్లీ చదివించమని తల్లిదండ్రులే రాసివ్వవచ్చు. వెనక్కి తగ్గే దారి తెరిచే ఉంది, టెన్షన్ వద్దు.

ఇదే పాప సెప్టెంబర్‌లో పుట్టి ఉంటే కథ వేరు. నాలుగేళ్ల పిల్లలకు టెక్సస్‌లో ప్రభుత్వ ప్రీకే (కిండర్‌గార్టెన్‌కు ముందు తరగతి) ఉంది, అది అందరికీ ఉచితం కాదు. అయితే ఇంగ్లీషు రాని, అర్థం కాని పిల్లలు దానికి అర్హులే. ఇది తెలియక మనవాళ్లు ప్రైవేటుకు పోస్తున్నారు. చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. ఇంగ్లీషు అని రాస్తే గౌరవమని కొందరు అనుకుంటారు. దయచేసి తెలుగు అనే రాయండి. దాన్ని బట్టే పాప ఇంగ్లీషును పరీక్షించి, కావలసిన సాయం ఇస్తారు.

ఇంకో దేశం వెళ్లేవాళ్లు ఈ లెక్కలు పట్టుకోకండి. ఇంగ్లండ్‌లో నాలుగు నిండాక వచ్చే సెప్టెంబర్‌లోనే రిసెప్షన్ తరగతి, సింగపూర్‌లో ఏడేళ్లు వచ్చే సంవత్సరం జనవరిలో ప్రైమరీ వన్. అమెరికాలోనే న్యూయార్క్ నగరంలో గడువు డిసెంబర్ 31.

బయల్దేరేముందు చేయవలసినవి చెప్తాను. అక్షరాలు, ఎక్కాలు రుద్దకండి. కిండర్‌గార్టెన్ టీచర్ చూసేది వేరు: తన డబ్బా తనే తెరుచుకుని తింటుందా, కావలసింది నోరు విప్పి అడుగుతుందా, తన వంతు వచ్చేదాకా ఆగుతుందా. అవ్వ వెంటపడి ముద్దలు పెట్టే అలవాటు ఇప్పుడే మాన్పించండి. స్కూల్లో భోజనం టైమ్ సుమారు అరగంటే. బాత్రూంలో కడుక్కోవడానికి నీళ్లుండవు, కాగితం వాడటం ఇంట్లోనే నేర్పండి. దీని గురించి ఎవరూ చెప్పరు, కానీ మొదటి వారం పిల్లలు ఎక్కువగా ఏడ్చేది దీనికే.

టీకాల కార్డు మీద డాక్టర్ చేత తేదీలు స్పష్టంగా రాయించి సంతకం, సీలు వేయించండి. మన ప్రభుత్వ టీకాల్లో ఇచ్చేది ఎంఆర్ (తట్టు, రుబెల్లా), టెక్సస్ అడిగేది ఎంఎంఆర్ (వాటికి తోడు గవదబిళ్లలు) రెండు డోసులు. ఆటలమ్మ, హెపటైటిస్ ఏ టీకాలు కూడా రెండేసి డోసులు కావాలి, అవి ప్రైవేటులో వేయిస్తేనే ఉంటాయి. 2016 ఏప్రిల్ తర్వాత వేసిన పోలియో చుక్కలను అమెరికాలో లెక్కలోకి తీసుకోరు, ఇంజెక్షన్లు వేయించాలి. వేయించగలిగినవి తిరుపతిలోనే వేయించుకోండి. పుట్టినతేదీ పత్రం మీద చిత్తూరు జిల్లా అని ఉన్నా ఫర్వాలేదు, స్కూల్‌వాళ్లు చూసేది పేరు, తేదీ.

ఇక్కడ బడులు ఆగస్టు మధ్యలోనే తెరుస్తారు. జూలై మొదట్లో వచ్చేలా టికెట్లు చూసుకోండి. అద్దె అగ్రిమెంట్, కరెంటు బిల్లు మీవారి పేరు మీద సిద్ధంగా ఉంటే చేర్పించడం ఒక్క పూట పని.