జీతం కాగితం లేని మేస్త్రి చనిపోతే నష్టపరిహారం ఎంత, ఎలా?

మీరు రాసింది ఇదీ: ఆదోనిలో ఉండే మీ బావ, 34 ఏళ్ల మేస్త్రి, మూడు వారాల కిందట గుత్తి దగ్గర హైవేలో బైకు మీద పోతుంటే లారీ గుద్ది చనిపోయాడు. మీ అక్క, ఇద్దరు పిల్లలు, బావ వాళ్లమ్మ ఉన్నారు. లారీ ఓనరు మనుషులు వచ్చి మూడు లక్షలిస్తాం, స్టాంపు పేపరు మీద సంతకం పెట్టండి అంటున్నారు. జీతం కాగితం లేదు, కోర్టుకెళ్లినా ఏమీ రాదంటున్నారు.

మీ అక్కను ఆ సంతకం పెట్టనివ్వొద్దు. ఎందుకో లెక్క చూడండి. బావ సంపాదన నెలకు 15,000 అని కోర్టు నమ్మిందనుకుందాం. సొంతంగా పని చేసుకునే 40 ఏళ్ల లోపు మనిషికి మున్ముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. 21,000 అవుతుంది. ఆధారపడినవాళ్లు నలుగురు గనక ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలింది 15,750, అంటే ఏడాదికి 1,89,000. 31 నుంచి 35 ఏళ్ల మధ్య వయసుకు దాన్ని 16తో గుణిస్తారు. మొత్తం 30,24,000. కోర్టు 10,000 మాత్రమే ఒప్పుకున్నా 20,16,000 వస్తుంది. అంత్యక్రియల ఖర్చు, మనిషిని పోగొట్టుకున్నందుకు భార్యకూ పిల్లలకూ తల్లికీ ఇచ్చే మొత్తాలు, పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ దీనికి అదనం. ఈ పద్ధతి సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ, 2017లో ప్రణయ్ సేథీ కేసుల్లో ఖాయం చేసింది. లారీకి ఆ రోజుకు చెల్లే ఇన్సూరెన్స్ ఉంటే డబ్బు కట్టేది కంపెనీయే.

వయసు కాగితం విషయంలో జాగ్రత్త. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తప్పుపడి 36 అని తేలితే 16 కాస్తా 15 అవుతుంది. పై లెక్కలో ఒక్క దెబ్బకు 1,89,000 పోతుంది. బడి టీసీ ఉంటే అదే పెట్టండి. వయసుకు ఆధార్ కంటే దానికే బలమని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది.

సంపాదన రుజువంటే జీతం చీటీ ఒక్కటే కాదు. భవన నిర్మాణ కార్మికుల బోర్డు కార్డు, ఫోన్‌పేలో కాంట్రాక్టర్ వేసిన డబ్బుల వివరం, బ్యాంకు స్టేట్‌మెంటు, డ్వాక్రా అప్పుకు కట్టిన కంతులు, ఇవన్నీ పనికొస్తాయి. కాంట్రాక్టర్ ఉత్తరం రాసిస్తే చాలదు, బోనెక్కి సాక్ష్యం చెప్పాలి. చాలా కేసులు ఇక్కడే బలహీనపడతాయి. ఉత్తరం ఫైల్లో ఉంటుంది, మనిషి రాడు, కోర్టు తనకు తోచిన కూలి రేటు వేస్తుంది.

పోలీస్ స్టేషన్ నుంచి ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, బండ్లను తనిఖీ చేసిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, ప్రమాదం జరిగిన చోటు గీసిన రఫ్ స్కెచ్, ఛార్జిషీటు నకళ్లు తీసుకోండి. రఫ్ స్కెచ్ కళ్లారా చూడండి. లారీ రోడ్డుకు ఏ పక్కన ఆగింది, బైకు ఎక్కడ పడింది, బ్రేకు గీతలు ఎక్కడ మొదలయ్యాయి అన్నవి అందులో ఉంటాయి. తప్పులో సగం బైకు వాడిదే అని కంపెనీ వాదించేది ఈ కాగితం పట్టుకునే. బావ ఆసుపత్రిలో కొన్ని రోజులుండి పోయుంటే, గాయాల సెక్షన్‌ను మరణం సెక్షన్‌గా మార్చిన మెమో కూడా ఉండాలి.

ప్రమాదం జరిగిన గుత్తి అనంతపురం జిల్లా అయినా, పిటిషన్ అక్కడే వేయాలని లేదు. మీరు ఉండే చోట వేయొచ్చు, అంటే కర్నూలు జిల్లాలోనే. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలల గడువని చట్టంలో ఉంది, అది దాటనివ్వొద్దు. వకీలుకు దుడ్లు లేవనుకుంటే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ 15100. వచ్చే దాంట్లో ఇంత శాతం అని రాయించుకోవడం వకీళ్లకు నిషేధం, అలాంటి కాగితం మీదా సంతకం వద్దు.

రేపే చేయాల్సింది ఒకటుంది. బావ బ్యాంకు పాస్‌బుక్‌లో మే నెలాఖరు ప్రాంతంలో 20 రూపాయలు గానీ 436 రూపాయలు గానీ కట్ అయ్యాయేమో చూడండి. 20 అయితే ప్రధానమంత్రి సురక్షా బీమా, 436 అయితే జీవన్ జ్యోతి బీమా. ఒక్కోదానికి 2 లక్షలు, రెండూ ఉంటే రెండూ వస్తాయి. కోర్టు కేసుతో వీటికి సంబంధం లేదు. సురక్షా బీమా ఫారం 30 రోజుల్లోపు బ్యాంకులో ఇమ్మంటారు, మీకు మూడు వారాలు అయిపోయాయి.