వెలగని వీధి దీపం, దొరకని ఫుటేజీ: విశాఖ పాఠకుల సందేహాలు

ప్రశ్న: స్మార్ట్ సిటీ పథకం అయిపోయిందంటున్నారు. మరి బీచ్ రోడ్డులో, కూడళ్లలో పెట్టినవన్నీ ఇక ఎవరు చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: 2015 జూన్ 25న మొదలైన స్మార్ట్ సిటీ మిషన్ గడువు 2025 మార్చి 31తో తీరింది. 2016 జనవరిలో ఎంపికైన తొలి 20 నగరాల్లో విశాఖ ఉంది. కేంద్రం ఒక్కో నగరానికి రూ.500 కోట్ల వరకు ఇస్తుంది, అంతే మొత్తం రాష్ట్రం, నగరపాలక సంస్థ సమకూర్చాలి అన్నది అప్పటి ఏర్పాటు. ఆ డబ్బు ప్రధానంగా కట్టడానికి, కొనడానికి. కరెంటు బిల్లు, నెట్ లైను, విడిభాగాలు, మనుషుల జీతాలు ఏటా వచ్చే ఖర్చులు. వాటిని ఇక్కడే భరించుకోవాలి. ముడసర్లోవ జలాశయం మీద తేలే 2 మెగావాట్ల సౌర ఫలకాలనే తీసుకోండి. దుమ్ము, పక్షి రెట్టలు కడక్కపోతే కరెంటు తగ్గిపోతుంది. అందుకే ఏ ప్రాజెక్టు గురించైనా ఎంత ఖర్చయిందన్న ప్రశ్నతో ఆగకండి. నిర్వహణ ఒప్పందం ఎవరితో, ఏ తేదీ వరకు ఉందో అడగండి.

ప్రశ్న: మా వీధి సముద్రానికి దగ్గర. ఎల్ఈడీ లైట్లు బాగు చేసిన కొన్నాళ్లకే మళ్లీ ఆరిపోతున్నాయి. ఫిర్యాదు ఎలా రాస్తే పని జరుగుతుంది?
– ఒక పాఠకురాలు, లాసన్స్ బే కాలనీ

జవాబు: ముందు ఎలా ఆరుతోందో గమనించండి. వరుస మొత్తం ఆరితే లోపం చాలావరకు ప్యానెల్ పెట్టెలోనో కేబుల్లోనో ఉంటుంది. పగలు కూడా వెలుగుతుంటే కాంటాక్టర్ (లైన్‌ను కలిపి, విడదీసే స్విచ్) అతుక్కుపోయి ఉండాలి, లేదా టైమర్‌ను ఎవరో పక్కన పెట్టి నేరుగా కలిపి ఉండాలి. ఒక్క స్తంభమే ఆరితే డ్రైవర్‌ను, అంటే ఎల్ఈడీకి తగినట్టు కరెంటు అందించే భాగాన్ని అనుమానించాలి. వాన పడ్డాక మిణుకుమిణుకుమంటే స్తంభం అడుగున ఉన్న జంక్షన్ బాక్సులోకి (తీగలు కలిపే పెట్టె) నీళ్లు దిగి ఉండవచ్చు. ఆ స్థితిలో స్తంభాన్ని తాకవద్దు, పిల్లల్ని దగ్గరికి పోనివ్వవద్దు.

పదేపదే పాడవడానికి ఉప్పుగాలి పెద్ద కారణం. మామూలు ఇనుప బోల్టులు తుప్పు పట్టి మూత బిగువు పోతుంది, కేబుల్ దూరే చోట రబ్బరు గట్టిపడి చెమ్మ లోపలికి పోతుంది. తీరంలో ఉప్పుకు తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు, దుమ్ము, నీళ్లు లోపలికి పోని ఐపీ66 లైటు, వేడి జింకు పూత వేసిన స్తంభం ఉండాలి. వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసినప్పుడు లైటును కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ సంగతి చాలామంది మరిచిపోతారు. పిడుగుపాటు దెబ్బలు తిని అది అరిగిపోతుంది. దాన్ని మార్చకుండా కొత్త డ్రైవర్ బిగిస్తే వచ్చే ఉరుముల కాలానికి అదీ పోతుంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే ప్రొటెక్టర్ ఉన్నా ఉపయోగం లేదు.

కాబట్టి ఫిర్యాదులో స్తంభం నంబరు, ఆరిన తేదీ, వేళ, పైన చెప్పిన లక్షణాల్లో ఏదో రాసి ఫొటో జత చేయండి. ఫిర్యాదు నంబరు తప్పక ఉంచుకోండి. అదే స్తంభం మీద మళ్లీ రాయాల్సి వస్తే పాత ఫిర్యాదు నంబర్లన్నీ వరుసగా పేర్కొనండి.

అయినా కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు. నగరపాలక సంస్థకు రుసుము రూ.10, జవాబుకు గడువు 30 రోజులు. "ఎందుకు వెలగడం లేదు" అని అడిగితే అది సమాచారం కిందికి రాదని తిప్పిపంపుతారు. కాగితాలు అడగండి: నిర్వహణ ఒప్పందం నకలు, మీ వార్డులో గత ఆరు నెలల మరమ్మతుల రిజిస్టరు, ఆలస్యానికి కాంట్రాక్టరు బిల్లులో కోసిన జరిమానా వివరాలు. మూడోది తప్పనిసరిగా అడగండి, జరిమానా నిబంధన వాడుతున్నారో లేదో అక్కడే తెలుస్తుంది. విషయం స్మార్ట్ సిటీ కార్పొరేషన్‌దైతే (మిషన్ పనులకు పెట్టిన విడి సంస్థ) సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో అటు బదిలీ చేయాలి. జవాబు రాకపోతే గడువు తీరిన 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి.

ప్రశ్న: మద్దిలపాలెం కూడలిలో బండి పోయింది. కెమెరా ఫుటేజీ నేనే వెళ్లి అడగొచ్చా?
– ఒక పాఠకుడు, ఇసుకతోట

జవాబు: అడిగినా సాధారణంగా ఇవ్వరు, అందులో ఇతరుల కదలికలు కూడా ఉంటాయి కనుక. వెంటనే స్టేషన్లో ఫిర్యాదు చేయండి. ఇలాంటి వ్యవస్థల్లో రికార్డింగు చాలాచోట్ల 30 రోజులకే చెరిగిపోతుంది. అందుకే కూడలి పేరు, ఏ వైపు దారి, ఏ గంట నుంచి ఏ గంట వరకు అన్నది ఫిర్యాదులోనే రాసి, ఫుటేజీ భద్రపరచమని విడిగా ఒక వాక్యం చేర్చండి. దర్యాప్తు అధికారి దాన్ని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 94 కింద తెప్పిస్తారు. అది కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువపత్రం కూడా కావాలి. దాన్ని ఫుటేజీతో పాటే తీసుకున్నారా అని అధికారిని అడగండి.