స్కూబా పరికరాలను డైవ్ షాపులో కొనాలా, ఆన్‌లైన్‌లో కొనాలా?

ధర ఒక్కటే చూస్తే ఆన్‌లైన్‌దే తరచుగా పైచేయి అవుతుంది గానీ, అసలు జవాబు మీరు కొనబోయే వస్తువును బట్టి మారుతుంది. మాస్కు, వెట్‌సూట్, బూట్లు వంటి ఒంటికి అతకవలసిన వాటిని దుకాణానికి వెళ్లి, వేసుకుని చూసి కొనడమే మేలు. మాస్కును పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చి, చేయి వదిలినా అది జారకుండా అంటుకుని ఉంటే మీకు సరిపోయినట్టే. అంచు కింద నాలుగు వెంట్రుకలు ఇరుక్కున్నా నీరు లోపలికి కారుతుంది కనుక, ఫొటో చూసి ఈ సంగతి తేల్చుకోలేము.

సిలిండర్‌లోని గాలిని పీల్చుకోవడానికి వీలుగా నోటికి అందించే రెగ్యులేటర్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 10 మీటర్ల లోతులో పీడనం ఉపరితలం మీద ఉన్నదానికి రెట్టింపు అవుతుంది, అక్కడ మీ ఊపిరి ఆ పరికరం మీదే ఆధారపడి ఉంటుంది. చాలా తయారీ సంస్థలు అధీకృత విక్రేత వద్ద కొన్నవాటికే వారంటీ ఇస్తాయి కాబట్టి, ఆన్‌లైన్‌లో తీసుకునే ముందు ఆ విక్రేతకు అధికారం ఉందో లేదో, ఆ బ్రాండుకు సర్వీసు చేసే టెక్నీషియన్, విడిభాగాలు మీకు దగ్గరలో దొరుకుతాయో లేదో తప్పక విచారించండి. అలాగే రెగ్యులేటర్‌ను సిలిండర్‌కు బిగించే అమరికలు రెండు రకాలు కనుక, మీరు వాడే సిలిండర్లకు యోక్ (వాల్వు మీద బిగించేది) కావాలా, డిన్ (వాల్వులోకి మరలా తిప్పి బిగించేది) కావాలా అన్నది ముందే తెలుసుకోండి.

టార్చి, తాడు చుట్టే రీలు, సామాను సంచి వంటివి ఆన్‌లైన్‌లో నిశ్చింతగా కొనవచ్చు.

అయితే, దుకాణంలో గంటసేపు అన్నీ వేసుకుని చూసి, ఇంటికెళ్లి ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టడం నా దృష్టిలో న్యాయం కాదు. ఆన్‌లైన్ ధర చూపించి తగ్గించమని అడగండి, కొందరు ఒప్పుకుంటారు.