‘యాక్సీడ్’ ఎక్కడ వాడాలి, ఎక్కడ వదిలేయాలి?

ప్రశ్న: డిగ్రీ పూర్తిచేసి గ్రూప్స్‌తో పాటు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్ఎస్‌సీ సీజీఎల్‌కూ సిద్ధమవుతున్నాను. నా దగ్గరున్న పదాల పుస్తకంలో ‘యాక్సీడ్’ అంటే అంగీకరించు, పదవి చేపట్టు అని ఇచ్చారు. ‘కలెక్టర్ యాక్సీడెడ్ ద రిక్వెస్ట్’ అనే వాక్యంలో తప్పు గుర్తించమంటే, తప్పు లేదని పెట్టి మార్కు పోగొట్టుకున్నాను. రాష్ట్రపతి పదవి చేపట్టారని వ్యాసంలో రాయడానికి ఇదే క్రియ వాడితే మా మాస్టారు కొట్టేశారు. అసలు ఈ పదం నేర్చుకోవాలా, వదిలేయాలా? – ఒక అభ్యర్థి, ఖమ్మం

జవాబు: తప్పకుండా నేర్చుకోండి. చదివేటప్పుడు ఇది మీకు పదే పదే తగులుతుంది. రాసేటప్పుడు మాత్రం అవసరమయ్యే చోట్లు తక్కువ. ఆ కొద్ది చోట్లలో వేరే పదం పెడితే చరిత్రలోనో, అంతర్జాతీయ సంబంధాల్లోనో వాస్తవమే తప్పిపోతుంది.

ముందు మీ పోయిన మార్కు సంగతి. ‘యాక్సెప్ట్’ తర్వాత నేరుగా ‘రిక్వెస్ట్’ రాయవచ్చు. ‘యాక్సీడ్’ తర్వాత ‘టు’ ఉండి తీరాలి. లాటిన్‌లో దీని మూలానికి ‘దగ్గరకు వెళ్లు’ అని అర్థం, అందుకే ‘టు’ దీన్ని వదలదు. కర్మణి వాక్యంలో ఈ ‘టు’ మరీ తికమక పెడుతుంది. బదిలీ కోసమో, సెలవు కోసమో దరఖాస్తు చేసుకున్న ఉద్యోగికి కార్యాలయం నుంచి వచ్చే జవాబు చూడండి: ‘యువర్ రిక్వెస్ట్ కెనాట్ బి యాక్సీడెడ్ టు’. మీ అభ్యర్థనను మన్నించలేము అని దాని భావం. వాక్యం చివర ‘టు’ ఒంటరిగా వేలాడుతుంటే అది అచ్చుతప్పని చాలామంది అనుకుంటారు. అది సరైన వాక్యమే. అక్కడ ‘టు’ కొట్టేస్తేనే తప్పవుతుంది.

పదాల పుస్తకాలతో నాకున్న పేచీ ఏమిటంటే, అవి అరడజను క్రియలకు ‘అంగీకరించు’ అని ఒకే అర్థం రాసి ఊరుకుంటాయి. ఎవరు ఎవరికి, దేనికి అంగీకరిస్తున్నారో చెప్పవు. గవర్నరు బిల్లుకు ఇచ్చే ఆమోదం ‘అసెంట్’. రాజ్యాంగం 200వ అధికరణలోనూ, రాష్ట్రపతి విషయంలో 111వ అధికరణలోనూ ఉన్న మాట అదే. ఆపరేషన్‌కు ముందు రోగి సంతకం చేసేది ‘కన్సెంట్’ పత్రం. ఓడిన అభ్యర్థి ఓటమిని ఒప్పుకుంటే ‘కన్సీడ్’. ‘యాక్సీడ్’ వీటిలో దేనికీ బదులు కాదు. అడిగేవారు ఒకవైపు, కాదనగల అధికారం ఉన్నవారు మరోవైపు ఉండి, ఆ రెండో పక్షం సరేనంటే అప్పుడు ఈ క్రియ కుదురుతుంది. సమ్మె చేస్తున్న కార్మికుల డిమాండ్లకు యాజమాన్యం ఒప్పుకోవడం దీనికి సరైన సందర్భం.

ఇదే కారణంతో ఉద్యోగార్థులకు ఒక హెచ్చరిక. కంపెనీ ఇచ్చిన ఆఫర్‌కు జవాబు రాస్తూ గంభీరంగా ఉంటుందని ఈ పదం వాడేవారున్నారు. వాళ్లు బతిమాలితే మీరు దయతలచి ఒప్పుకున్నట్టు ఉంటుంది. అక్కడ ‘యాక్సెప్ట్’ చాలు.

ఇక పదవి సంగతి. మీ మాస్టారు కొట్టేయడం సబబే. పదవిని అధిష్ఠించడం అనే అర్థం నిఘంటువుల్లో ఉన్న మాట నిజం. కానీ నేటి వాడుకలో అది ప్రధానంగా సింహాసనానికి సంబంధించినది. రెండో ఎలిజబెత్ రాణి 2022 సెప్టెంబరు 8న మరణించగానే మూడో చార్లెస్ రాజయ్యారు. ‘యాక్సీడ్’కు నామవాచకమైన ‘యాక్సెషన్’ అంటే అది. కిరీటం పెట్టిన పట్టాభిషేకం 2023 మే 6న జరిగింది, దాని పేరు ‘కారోనేషన్’. ఈ రెండు తేదీలనూ కలిపేసుకుని వర్తమాన వ్యవహారాల్లో తప్పు రాసేవారిని చూస్తుంటాను. మన రాష్ట్రపతి వారసత్వంగా వచ్చేవారు కాదు, ఎన్నికై ప్రమాణం చేసి బాధ్యతలు స్వీకరిస్తారు. ద్రౌపదీ ముర్ము 2022 జులై 25న ప్రమాణ స్వీకారం చేశారని రాయాలంటే ‘స్వోర్న్ ఇన్’, పదవి చేపట్టారనాలంటే ‘అజ్యూమ్డ్ ఆఫీస్’ అనండి. రాజ్యాంగం 56, 60 అధికరణలు వాడిన మాట కూడా పదవిలో ‘ప్రవేశించడం’ అన్న అర్థంలోనే ఉంటుంది.

గ్రూప్స్ అభ్యర్థిగా మీరు ఎక్కువ సమయం పెట్టాల్సింది 1947 దగ్గర. సంస్థానాధీశులు సంతకం చేసినది ‘ఇన్‌స్ట్రుమెంట్ ఆఫ్ యాక్సెషన్’, అంటే చేరిక పత్రం. దాని ప్రకారం రక్షణ, విదేశీ వ్యవహారాలు, కమ్యూనికేషన్లు మాత్రమే కేంద్రానికి వచ్చాయి. మిగతా పాలన రాజుల చేతుల్లోనే ఉంది. రాజు పాలనాధికారాన్నే వదులుకుని సంస్థానాన్ని పక్క ప్రాంతంలో కలిపేసే ‘మెర్జర్’ ఒప్పందాలు వేరు. మన తెలుగు పుస్తకాలు రెంటినీ విలీనమనే రాస్తాయి. ఆ అలవాటుతో ఇంగ్లీషు జవాబులోనూ ‘మెర్జర్’ అని రాసేస్తే పరీక్షకుడికి మీ అవగాహన మీదే అనుమానం వస్తుంది. కశ్మీర్ మహారాజు హరిసింగ్ 1947 అక్టోబరు 26న సంతకం చేసింది చేరిక పత్రం మీద. నిజాం ఆ పత్రం మీద సంతకం చేయకుండా 1947 నవంబరు 29న, ఉన్న ఏర్పాట్లను అలాగే కొనసాగించే యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. 1948 సెప్టెంబరు 13న సైనిక చర్య మొదలై 17 నాటికి ముగిసింది. అందువల్ల హైదరాబాద్ గురించి ‘నిజాం 1947లో యాక్సీడ్ అయ్యాడు’ అని రాస్తే అది భాషలో పొరపాటు అనిపించుకోదు, చరిత్రలో తప్పవుతుంది. తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం పేపరు రాసేవారు ఈ తేడాను గట్టిగా పట్టుకోవాలి.

అంతర్జాతీయ ఒప్పందాల్లోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఒక దేశం ముందు సంతకం చేసి, తర్వాత ధ్రువీకరిస్తే ‘రాటిఫికేషన్’. సంతకం చేయకుండా తర్వాత నేరుగా చేరితే ‘యాక్సెషన్’. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోనూ, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికలోనూ భారత్ 1979 ఏప్రిల్ 10న ఈ రెండో పద్ధతిలోనే చేరింది. బాలల హక్కుల ఒప్పందంలో 1992 డిసెంబరు 11న చేరిందీ అలాగే. వీటి మీద ‘సంతకం చేసింది’ అని రాయకండి.

స్పెల్లింగు గురించి క్లుప్తంగా: చివర ‘సీ ఈ ఈ డీ’ వచ్చే క్రియలు ‘ఎక్సీడ్’, ‘ప్రొసీడ్’, ‘సక్సీడ్’ అనే మూడే. ‘సూపర్‌సీడ్’ ఒక్కటే ‘ఎస్ ఈ డీ ఈ’తో ముగుస్తుంది. ‘యాక్సీడ్’, ‘కన్సీడ్’, ‘ప్రిసీడ్’, ‘సెసీడ్’ వంటి మిగతావన్నీ ‘సీ ఈ డీ ఈ’. ‘యాక్సీడ్’కూ ‘ఎక్సీడ్’కూ ముడిపెట్టి అడగడం ప్రశ్నపత్రం తయారుచేసేవారికి ఇష్టమైన పని. మీరు గ్రంథాలయంలో కూర్చుని చదివేవారైతే, చేతిలో ఉన్న పుస్తకం తొలి పేజీల్లో ముద్ర వేసి రాసిన ‘యాక్సెషన్ నంబర్’ చూడండి. ఆ పుస్తకం ఆ గ్రంథాలయంలో చేరినప్పుడు రిజిస్టరులో పడిన వరుస సంఖ్య అది. నామవాచకం స్పెల్లింగు మరచిపోకుండా ఉండటానికి అదొక్కటి చాలు.

గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీష్ అర్హత పేపరు మాత్రమే, అదీ పదో తరగతి స్థాయిది. ఉత్తరం, సంక్షిప్తీకరణ రాసేటప్పుడు ‘అగ్రీ’, ‘యాక్సెప్ట్’, ‘టేక్ చార్జ్’ వంటి తేలిక మాటలతో తప్పుల్లేకుండా రాయండి. సీజీఎల్ కోసం మీ నోటుపుస్తకంలో ఈ క్రియను ఒంటరిగా రాసుకోకుండా, దాని పక్కనే ‘టు ఎ రిక్వెస్ట్’, ‘టు ఎ డిమాండ్’, ‘టు ఎ ట్రీటీ’, ‘టు ద థ్రోన్’ అని నాలుగూ రాసి పెట్టుకోండి. తప్పు గుర్తించే ప్రశ్నలో ఈ పదం కనిపిస్తే ముందుగా దాని తర్వాత ‘టు’ ఉందో లేదో చూడండి. మిగతా వాక్యం జోలికి ఆ తర్వాతే వెళ్లండి.