స్టెర్లింగ్ అని అమ్మిన టీ సెట్టు: పరిహారం, విదేశాలకు పంపడం

ప్రశ్న: ‘ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్ స్టెర్లింగ్ వెండి టీ సెట్టు, నాలుగు వస్తువులు’ అని రాసిన బిల్లుతో ఆరు నెలల క్రితం సికింద్రాబాద్‌లోని ఒక పాత వస్తువుల దుకాణంలో ఒక సెట్టు కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే ట్రే అడుగున ‘ఈపీఎన్ఎస్’ అని ఉంది. దుకాణదారు బాధ్యత లేదంటున్నారు. టీపాట్, పాల జగ్గు, చక్కెర గిన్నె లండన్‌లో ఉన్న మా అమ్మాయికి పంపవచ్చా? ముద్రల ఫొటోలు జత చేశాను.

జవాబు: ఈపీఎన్ఎస్ అంటే రాగి, నికెల్, జింకు కలిసిన లోహం మీద వేసిన వెండి పూత. వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి ఉంటేనే స్టెర్లింగ్. వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలన్నది 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 15వ సెక్షన్ విధించిన షరతు కాబట్టి, మీరు సరుకును కళ్లారా చూసి కొన్నారన్న ఒక్క కారణంతో దుకాణదారు తప్పించుకోలేరు. అయితే సరుకు స్వీకరించి ఇన్ని నెలలైనందున బేరం మొత్తం రద్దు చేయించడం కన్నా ట్రే విలువలోని తేడాను పరిహారంగా కోరడమే గట్టి దారి. మీరు సొంతానికి కొన్నారు గనుక జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. తిరిగి అమ్మే ఉద్దేశంతో కొని ఉంటే ఆ దారి మూసుకుపోయేది.

విదేశానికి పంపే విషయంలో మాత్రం దయచేసి తొందరపడకండి. ఫొటోలో టీపాట్ అడుగున నడుస్తున్న సింహం, చిరుతపులి తల, చిన్న ‘క్యూ’ అక్షరం స్పష్టంగా కనిపిస్తున్నాయి. సింహం స్టెర్లింగ్‌కు, చిరుతపులి తల వెండి స్వచ్ఛతను పరీక్షించి ముద్ర వేసే లండన్ కార్యాలయానికి, ఆ అక్షరం 1911-12కు గుర్తులు. అప్పట్లో లండన్‌లో అక్షరం మే నెలలో మారేది కనుక ఒక్కో అక్షరం రెండు సంవత్సరాల మీద పడుతుంది. అంటే టీపాట్‌కు నూరేళ్లు దాటాయి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన పనితనం గల వస్తువు పురావస్తువు కాగలదు; అది ఇంగ్లండ్‌లో తయారైందన్న మినహాయింపు ఆ నిర్వచనంలో లేదు. పురావస్తువును కేంద్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన సంస్థ గానీ తప్ప మరెవరూ ఎగుమతి చేయరాదని 3వ సెక్షన్ చెబుతోంది. కొరియర్‌లో పంపినా, అమ్మాయి సూట్‌కేసులో పెట్టినా ఎగుమతే. ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా ఉంటాయి.

యంత్రాలతో తయారైన టీపాట్‌ను పురావస్తువుగా చూడకూడదని వాదించవచ్చు. నాకూ ఆ వాదనలో బలముందనిపిస్తుంది. కానీ దాన్ని విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారి ముందు వినిపించడం ప్రమాదకరం. ఒక వస్తువు పురావస్తువా కాదా అని తేల్చే అధికారం 24వ సెక్షన్ ప్రకారం భారత పురావస్తు సర్వేక్షణ శాఖ డైరెక్టర్ జనరల్‌ది, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారిది. వారి నిర్ణయమే తుది. ఆ శాఖకు మూడు వస్తువుల, ముద్రల ఫొటోలతో దరఖాస్తు చేసి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం చేతికి వచ్చినవాటినే పంపండి. జగ్గు, గిన్నెల అక్షరాలు విడిగా చదివించండి. పాత సెట్లలో తర్వాతి కాలపు ముక్కలు చేరడం మామూలే.

ఈలోగా ఏ ముక్కనూ గట్టిగా పాలిష్ చేయించకండి. ముద్రలు అరిగిపోతే ట్రే కేసులోనూ, దరఖాస్తులోనూ మీ ప్రధాన సాక్ష్యం బలహీనపడుతుంది. దుకాణదారుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, జవాబు రాకపోతే వివాదం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోగా కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేయండి. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. బిల్లు మొత్తం ఐదు లక్షల రూపాయలు దాటకపోతే ఫీజు ఉండదు.