స్కాన్ చూసి అత్తయ్య ఆయుష్షు చెప్పేయగలరా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది మలికిపురం దగ్గర పల్లెటూరండి. మా అత్తయ్యకి 54 ఏళ్ళు. గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ అని తేలింది. ఎమ్మారై రిపోర్టులో గడ్డ 4.8 సెంటీమీటర్లు, కుడివైపు లింఫు గ్రంథి పెరిగింది, స్టేజి 3సి1ఆర్ అని రాశారు. ఈమధ్య స్కాన్ కంప్యూటర్‌లో పెడితే మనిషి ఎన్నాళ్ళుంటుందో చెప్పేస్తుందట, ముందు అది తెలుసుకుందాం, కరెంటు (రేడియేషన్) పెట్టించే సంగతి దాళ్వా కోతలయ్యాక చూద్దాం అంటున్నారు మా పెదమావయ్యగారు. ఏం చెయ్యమంటారు? – ఒక కోడలు, కోనసీమ

జవాబు: కోతల దాకా ఆగొద్దమ్మా. ముందు ఆ మాట ఇంట్లో చెప్పేసి వచ్చి మిగతాది చదవండి.

స్కాన్‌ని బట్టి జబ్బు తీరు కొంత అంచనా వెయ్యొచ్చు, నిజమే. గడ్డ ఎంతుంది, పక్కలకి పాకిందా, మూత్రనాళాన్ని నొక్కి కిడ్నీ ఉబ్బేలా చేసిందా, గ్రంథులకి చేరిందా, ఇవన్నీ ముందు ముందు ఎలా ఉంటుందో చెప్పే గుర్తులే. గ్రంథుల సంగతి 2018లో ఫిగో, అంటే స్త్రీల వైద్యుల అంతర్జాతీయ సంఘం, స్టేజింగు మార్చాకే లెక్కలోకి వచ్చింది. మీ రిపోర్టులో సి1 అంటే పొత్తికడుపు కింది గ్రంథుల వరకే అని, పైన బృహద్ధమని వెంబడి కూడా ఉంటే సి2 అని రాసేవారు. చివర ఆర్ ఉంది చూశారా, అది స్కాన్‌లో కనబడిందన్న గుర్తు, ముక్క తీసి పరీక్ష చేసి తేల్చి ఉంటే పి రాస్తారు. మూడు అన్న అంకె చూసి అందరికీ టెన్షన్ పట్టుకుంటుంది గానీ, ఈ స్టేజిలో కూడా వైద్యం చేసేది నయం చెయ్యడానికే.

ఇక కంప్యూటర్ సంగతి. స్కాన్ బొమ్మలో కంటికి ఆనని తేడాలు, అంటే గడ్డలో ఎక్కడ నలుపు ఎక్కడ తెలుపు, ఎంత గజిబిజిగా ఉంది అన్నవి కొలిచి, జబ్బు తిరగబెట్టే అవకాశం లెక్కగట్టే పద్ధతుల మీద పరిశోధన బాగానే జరుగుతోంది. కానీ మిషను మారితే ఆ కొలతలూ మారతాయి, ఒక ఆసుపత్రి పేషెంట్ల మీద తయారైన లెక్క ఇంకోచోట తప్పొచ్చు. పైగా అది చెప్పేది గుంపు గురించి. ఇలాంటి గడ్డ ఉన్న వందమందిలో ఎందరికి అన్నది చెప్తుంది గానీ, ఆ వందలో మీ అత్తయ్య ఎటువైపో చెప్పదు. దాన్ని పట్టుకుని వైద్యం చేయించాలా వద్దా అని తేల్చుకోవడం మాత్రం ఘోరం.

నన్నడిగితే మొదటి స్కాన్ కంటే, వైద్యం నడుస్తుండగా గడ్డ ఎలా కరుగుతోందన్నదే ఎక్కువ చెప్తుంది. మామూలుగా సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ బయటి నుంచి రేడియేషన్, దాదాపు 25 సార్లు, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు సెలైన్‌లో ఎక్కిస్తారు. అవి ముగిసే సమయానికి మళ్ళీ ఎమ్మారై తీయించగలిగితే మంచిది. అందులో నీటి కదలికని చూసే బొమ్మలుంటాయి. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో జనం మధ్య మనిషి కదల్లేనట్టు, కణాలు కిక్కిరిసిన గడ్డలో నీరు మెసలదు, కణాలు చచ్చేకొద్దీ కదలిక పెరుగుతుంది.

ఆ తర్వాత లోపల గొట్టం పెట్టి ఇచ్చే రేడియేషన్, బ్రాకీథెరపీ. బ్లీడింగ్ ఆగిపోయింది కదా, ఇంకెందుకని ఇక్కడే చాలామంది ఇంటికెళ్ళిపోతారు. దయచేసి అలా చెయ్యకండి, గడ్డకి అసలు దెబ్బ పడేది అప్పుడే. ఎమ్మారై చూసుకుంటూ ఈ వైద్యం చేసిన ఎంబ్రేస్ అధ్యయనం 2021లో అచ్చయింది, 1,341 మందిని గమనిస్తే, ఐదేళ్ళకి ఆ చోట జబ్బు అదుపులో ఉన్నది 92 శాతం. ఇది ప్రాణాలతో ఉన్నవాళ్ళ లెక్క కాదు, ఆ చోట గడ్డ తిరగబెట్టకపోవడం వరకే. మొత్తం వైద్యం 8 వారాల్లో ముగియాలి, మధ్యలో పెళ్ళిళ్ళనీ తీర్థాలనీ గ్యాప్ ఇస్తే ఫలితం దెబ్బతింటుంది. రోజూ లంకల్లోంచి కాకినాడో రాజమండ్రో తిరగడం ఆవిడ వల్ల కాదు, ఆసుపత్రి దగ్గరే గది చూసుకోండి.

వైద్యమయ్యాక 3 నెలలకి పెట్ సీటీ తీయిస్తారు. గ్లూకోజు లాంటి మందు ఎక్కించి, ఎక్కడ ఎక్కువ పీల్చుకుంటోందో చూస్తారు. తొందరపడి ముందే తీయిస్తే రేడియేషన్ వాపు కూడా జబ్బులా వెలుగుతుంది. అందులో ఏమీ వెలగకపోతే, మున్ముందు బాగుంటుందనడానికి మాకున్న గట్టి ఆధారాల్లో అదొకటి. ఆవిడకి షుగర్ ఉంటే ముందే చెప్పండి, షుగర్ ఎక్కువుంటే స్కాన్ సరిగా రాదు.

ఈ వారమే రేడియేషన్ డాక్టరుని కలవండి. వెళ్ళేటప్పుడు ఎమ్మారై రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్ళకండి, సీడీ కూడా అడిగి తీసుకోండి, బొమ్మలు ఆయన స్వయంగా చూడాలి.